‘కొత్త వెర్షన్ స్లో’ అని తేల్చే ముందు: టెక్నికల్ హెడ్లకు ఒక బహిరంగ లేఖ

నమస్కారం.

అప్‌గ్రేడ్‌ను ఉంచాలా, వెనక్కి తీసుకోవాలా అన్నది తేల్చేది మీరు. అందుకే ఈ లేఖ డీబీఏలకు (డేటాబేస్ నిర్వాహకులకు) కాకుండా నేరుగా మీకే రాస్తున్నాం.

డేటాబేస్ వెర్షన్ మార్చిన మర్నాడు యాప్ నెమ్మదించిందని ఫిర్యాదు రాగానే మీరు అడిగే ప్రశ్న ఒకటే: "ఎంత శాతం స్లో?" సాయంత్రం మీటింగ్‌కల్లా ఒక అంకె కావాలి. అంకె పుట్టించడం ఎంతసేపు? పాత సర్వర్ మీద ఒకసారి, కొత్త సర్వర్ మీద ఒకసారి లోడ్ (పరీక్ష కోసం పంపే క్వెరీల భారం) నడిపితే శాతం వచ్చేస్తుంది. అందులో వెర్షన్ వాటా ఎంత, వెర్షన్‌తో పాటు చడీచప్పుడు లేకుండా మారిపోయిన వాటి వాటా ఎంత అన్నది మాత్రం ఆ అంకె చెప్పదు. మా కోరిక చిన్నదే. వెర్షన్ తప్ప మరేదీ మారని పోలిక చేతికొచ్చే వరకు శాతం అడగకండి. ఆ పోలికకు ఒక మెషీన్, ఒక వారం ఇవ్వండి.

"మార్చింది వెర్షన్ ఒక్కటేగా" అంటారు. అలా జరగడం అరుదు. సాధారణంగా అదే రోజు సర్వర్ మారుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ మారుతుంది, డ్రైవర్ మారుతుంది, కాన్ఫిగ్ ఫైల్ కొత్తగా రాస్తారు. ఇవేవీ మారకపోయినా డేటాబేస్ లోపలి స్టాటిస్టిక్స్ (డేటా గురించి అది రాసిపెట్టుకునే లెక్కలు) మారతాయి. ముందు దాని సంగతే చూద్దాం, ఎందుకంటే ఎక్కువ ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వెర్షన్ మార్చే పీజీ అప్‌గ్రేడ్ టూల్ 17వ వెర్షన్ దాకా ఈ స్టాటిస్టిక్స్‌ను కొత్త క్లస్టర్‌కు (కొత్త వెర్షన్ నడిపే డేటా డైరెక్టరీకి) తీసుకెళ్లదు. డేటా ఉంటుంది, ఇండెక్సులు ఉంటాయి, కానీ ఏ కాలమ్‌లో ఏ విలువలు ఎన్ని ఉన్నాయో ప్లానర్‌కు (క్వెరీని ఏ దారిలో నడపాలో తేల్చే భాగానికి) తెలియదు. కళ్లకు గంతలు కట్టుకుని ప్లాన్ వేస్తుంది. వెనకాల తనంతట తానే శుభ్రం చేసి స్టాటిస్టిక్స్ సేకరించే ఆటోవాక్యూమ్ చూసుకుంటుందిలే అనుకోవద్దు. దాని లెక్కలు కూడా సున్నా నుంచే మొదలవుతాయి కాబట్టి, మార్పులు రాని పెద్ద టేబుల్ జోలికి అది ఎప్పటికీ వెళ్లకపోవచ్చు. అప్‌గ్రేడ్ ముగియగానే వాక్యూమ్‌డీబీ అనే టూల్‌ను ‘అనలైజ్ ఇన్ స్టేజెస్’ ఆప్షన్‌తో నడపాలి. అది మూడు దఫాలుగా సాగుతుంది: మొదట స్టాటిస్టిక్స్ టార్గెట్ (ఎంత వివరంగా సేకరించాలన్న అంకె) 1తో, తర్వాత 10తో, చివరికి డిఫాల్ట్‌తో. మొదటి దఫా అయిపోగానే కొలవడం మొదలుపెట్టేవాళ్లున్నారు. ఆ సమయంలో ప్లానర్ దగ్గరున్నది నామమాత్రపు సమాచారమే. మూడూ పూర్తయ్యాకే కొలత.

18వ వెర్షన్ నుంచి పీజీ అప్‌గ్రేడ్ స్టాటిస్టిక్స్‌ను తీసుకెళ్తోంది. కానీ 18లో ఒక మెలిక ఉంది. ‘క్రియేట్ స్టాటిస్టిక్స్’తో రెండు మూడు కాలమ్‌లను కలిపి తయారు చేసుకున్న ఎక్స్‌టెండెడ్ స్టాటిస్టిక్స్ విషయంలో నిర్వచనం వస్తుంది, అందులోని డేటా రాదు. అనలైజ్ (స్టాటిస్టిక్స్ సేకరించే కమాండ్) నడిపితేనే అది నిండుతుంది.

దాని ఫలితం ఎలా కనిపిస్తుందో ఒక ఉదాహరణలో దగ్గరగా చూడండి. స్టేటస్, ప్రాంతం అనే రెండు కాలమ్‌ల మీద ఫిల్టర్ పెట్టి, ఆర్డర్ల టేబుల్‌ను కస్టమర్ల టేబుల్‌తో జాయిన్ చేసే క్వెరీ. పాత వెర్షన్‌లో హ్యాష్ జాయిన్‌తో (ఒక టేబుల్‌ను మెమరీలో పట్టికగా పెట్టి రెండోదాన్ని దానితో పోల్చే పద్ధతి) 210 మిల్లీసెకన్లు. కొత్తదాంట్లో నెస్టెడ్ లూప్‌తో (బయటి వైపు ప్రతి వరసకూ లోపలి టేబుల్‌ను మళ్లీ వెతికే పద్ధతి) 2.1 సెకన్లు. పది రెట్లు! క్వెరీని నడిపి ప్లాన్‌నూ సమయాలనూ చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ తీస్తే, బయటి వైపు ప్లానర్ అంచనా 12 వరసలు, నిజంగా వచ్చినవి 86,000. లోపలి ఇండెక్స్ స్కాన్ దగ్గర సమయం 0.022 మిల్లీసెకన్లే కనిపిస్తుంది. చాలామంది ఆ లైన్ చూసి "ఇది ఫాస్ట్‌గానే ఉంది" అని దాటేస్తారు. అది ఒక్క లూప్ సగటు. పక్కనే లూప్స్ 86,000 అని ఉంటుంది. రెండూ గుణిస్తే 1,892 మిల్లీసెకన్లు, అంటే పోయిన కాలమంతా అక్కడే. ఒక్కో లూప్‌కు నాలుగు పేజీలు ముట్టుకుంటే 3,44,000 బఫర్ హిట్లు (మెమరీలోనే దొరికిన పేజీలు). 8 కేబీ పేజీల లెక్కన ఇది రెండున్నర జీబీ పైమాటే. డిస్క్ మీద ఒక్క రీడ్ కూడా లేకుండా ఇంత పని! ఆ రెండు కాలమ్‌లకు ఎక్స్‌టెండెడ్ స్టాటిస్టిక్స్ ఉన్నాయి, కానీ ఖాళీగా ఉన్నాయి. అనలైజ్ నడిపితే అంచనా నిజానికి దగ్గరకొచ్చి హ్యాష్ జాయిన్ తిరిగొస్తుంది. ఇలాంటి చోట నెస్టెడ్ లూప్‌ను సర్వర్ మొత్తానికి ఆఫ్ చేసి చేతులు దులుపుకోవడం వైద్యం కాదు. కారణం వెతకడానికి ఆ సెట్టింగ్‌ను ఒక్క సెషన్‌లో వాడుకోండి, అంతవరకే.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. డేటా మొత్తాన్ని ఫైల్‌లోకి డంప్ తీసి కొత్త వెర్షన్‌లో రిస్టోర్ చేస్తే టేబుళ్లు, ఇండెక్సులు గట్టిగా సర్దుకుని కూర్చుంటాయి. పాత సర్వర్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న బ్లోట్ (చచ్చిన వరసలు ఆక్రమించిన చోటు) ఉంటుంది. కొత్త వెర్షన్ 20 శాతం ఫాస్ట్ అని సంబరపడతారు. ఆ మేలు టేబుళ్లను, ఇండెక్సులను కొత్తగా కట్టడం వల్ల వచ్చింది, వెర్షన్ వల్ల కాదు. శుభవార్త కాబట్టి దీన్నెవరూ ఆరా తీయరు, అదే మాకు బెంగ.

ఇక డిఫాల్ట్‌ల సంగతి. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో, బైనరీ లాగ్ (మార్పులన్నీ వరసగా రాసే ఫైల్) 5.7లో డిఫాల్ట్‌గా ఆఫ్, 8.0లో ఆన్. సింక్ బిన్‌లాగ్ అనే సెట్టింగ్ విలువ 1 కాబట్టి ప్రతి కమిట్‌కూ ఆ లాగ్ కూడా డిస్క్‌కు చేరాలి. రెండింటినీ డిఫాల్ట్‌లతో పోలిస్తే మీరు కొలిచేది బైనరీ లాగ్ ఖర్చును. పాత సర్వర్‌లో క్వెరీ క్యాష్ (జవాబులను దాచి మళ్లీ ఇచ్చే సౌకర్యం) ఆన్ చేసి ఉంటే, 8.0లో అది అసలు లేదు. డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ (అక్షరాలను భద్రపరిచే కోడ్) లాటిన్1 నుంచి యూటీఎఫ్8ఎంబీ4కు మారింది. పాత టేబుల్ పాత యూటీఎఫ్8లో ఉండి, అప్‌గ్రేడ్ తర్వాత సృష్టించిన టేబుల్ యూటీఎఫ్8ఎంబీ4లో ఉంటే, టెక్స్ట్ కాలమ్‌ల మీద జాయిన్ చేసినప్పుడు పాత కాలమ్‌ను మార్చి పోల్చాల్సి వస్తుంది, దాని మీదున్న ఇండెక్స్ పనికిరాకుండా పోతుంది. 8.4లో ఇంకొన్ని మారాయి: అడాప్టివ్ హ్యాష్ ఇండెక్స్ (తరచూ వెతికే పేజీలకు మెమరీలో కట్టే అడ్డదారి) డిఫాల్ట్‌గా ఆఫ్ అయింది, ఛేంజ్ బఫరింగ్ (ఇండెక్స్ మార్పులను కూడబెట్టి తర్వాత రాయడం) డిఫాల్ట్‌గా ఆగిపోయింది, ఇన్నోడీబీ ఐఓ కెపాసిటీ (వెనకాల పనులకు సెకనుకు ఎన్ని డిస్క్ ఆపరేషన్లన్న అంకె) 200 నుంచి 10,000కు పెరిగింది. 8.4లోని ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా మీ లోడ్‌ను పైకో కిందకో తోయగలదు, కాన్ఫిగ్‌లో ఒక్క లైన్‌తో వెనక్కి కూడా వస్తుంది.

పోస్ట్‌గ్రెస్ 18లో కొత్త క్లస్టర్ సృష్టించే ఇనిట్‌డీబీ టూల్ డేటా చెక్‌సమ్‌లను (పేజీ పాడైందో లేదో పట్టే అంకెలను) డిఫాల్ట్‌గా ఆన్ చేస్తుంది, 17లో ఆఫ్. కాబట్టి రెండు కొత్త క్లస్టర్లు సృష్టించి పోలిస్తే, ఒకటి చెక్‌సమ్‌లతో, ఒకటి లేకుండా పరుగెడుతోందన్నమాట. రెండింటిలోనూ ఒకేలా పెట్టండి. రెండు సర్వర్ల పీజీ సెట్టింగ్స్ వ్యూ మొత్తాన్ని పేరు, విలువ రెండే కాలమ్‌లతో బయటికి తీసి డిఫ్ చేయండి (తేడాలు చూడండి). మార్చిన సెట్టింగులే తీస్తే డిఫాల్ట్‌ల తేడాలు కనబడవు.

ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మారి ఉంటే స్లో కావడం కంటే పెద్ద తంటా ఒకటుంది. లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28లో అక్షరాల వరస క్రమం మారింది. దానికి ముందు కట్టిన టెక్స్ట్ ఇండెక్స్‌ను తర్వాతి సిస్టమ్ మీద అలాగే వాడితే ఉన్న వరసలు కూడా దొరక్కపోవచ్చు, యూనిక్ ఇండెక్స్‌లోకి డూప్లికేట్లు దూరవచ్చు. అటువంటప్పుడు వేగం గురించి మాట్లాడే ముందు రీఇండెక్స్ చేయాలి (ఇండెక్సులను మళ్లీ కట్టాలి).

వెర్షన్ వల్లే వచ్చే మార్పులు లేవని కాదు, ఉన్నాయి. తెలిసి వెతికితే త్వరగా దొరుకుతాయి. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి, ఒక్కసారే వాడిన, సైడ్ ఎఫెక్ట్ లేని సీటీఈని (‘విత్’తో రాసే ఉప-క్వెరీని) ప్లానర్ ప్రధాన క్వెరీలో కలిపేస్తుంది. అంతకుముందు సీటీఈ ఒక గోడ. ఆ గోడను నమ్ముకుని రాసిన క్వెరీలకు ‘మెటీరియలైజ్డ్’ అని చేర్చాలి. అదే 12లో జిట్ (క్వెరీని అప్పటికప్పుడు మెషీన్ కోడ్‌గా కంపైల్ చేయడం) డిఫాల్ట్‌గా ఆన్ అయింది. క్వెరీ ఖర్చు అంచనా లక్ష దాటితే జిట్ దిగుతుంది. ఆ అంచనాయే తప్పైతే, 20 మిల్లీసెకన్లలో తేలాల్సిన పనికి కంపైల్ చేయడమే వందల మిల్లీసెకన్లు తినొచ్చు. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అడుగున జిట్ అని వేరే భాగం వస్తుంది, అక్కడి టైమింగ్ చూడండి. 13కు ముందు హ్యాష్ అగ్రిగేట్ (మెమరీలో గుంపులు కట్టి లెక్కించే పద్ధతి) అంచనా తప్పితే వర్క్ మెమ్ (ఒక పనికిచ్చిన మెమరీ హద్దు) దాటి గుట్టుగా మెమరీ వాడేసుకునేది. 13 నుంచి హద్దు దాటితే డిస్క్‌కు దిగుతుంది. పాత ‘వేగం’ ఆ అప్పు మెమరీతో వచ్చిందే. ప్లాన్‌లో డిస్క్ యూసేజ్ కనబడితే వర్క్ మెమ్ గానీ హ్యాష్ మెమ్ మల్టిప్లయర్ (హ్యాష్ పనులకు ఆ హద్దును ఎన్ని రెట్లు చేయాలన్నది) గానీ పెంచాలి. ఈ మల్టిప్లయర్ డిఫాల్ట్ 13, 14లలో 1, 15 నుంచి 2. బీట్రీ డీడూప్లికేషన్ (ఇండెక్స్‌లో ఒకే విలువను పదేపదే రాయకుండా కుదించడం) కూడా 13లోనే వచ్చింది, కానీ పీజీ అప్‌గ్రేడ్‌తో వచ్చిన పాత ఇండెక్స్‌కు రీఇండెక్స్ చేసేదాకా ఆ లాభం అందదు.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వాళ్లకు ఈ బాధ కొంత తక్కువ. 2014 వెర్షన్‌తో కొత్త కార్డినాలిటీ ఎస్టిమేటర్ (ఎన్ని వరసలు వస్తాయో అంచనా వేసే భాగం) వచ్చింది, అది కంపాటిబిలిటీ లెవెల్ (ఏ వెర్షన్ తీరులో నడవాలన్న సెట్టింగ్) 120 నుంచి అమల్లోకి వస్తుంది. ఇంజిన్‌ను పైకి తీసుకెళ్లి లెవెల్‌ను పాతదిగానే ఉంచి, క్వెరీ స్టోర్‌లో కొన్నాళ్లు ప్లాన్లు పోగుచేసి, ఆపైన లెవెల్ మార్చవచ్చు. రెండు మార్పులను రెండు రోజులుగా విడదీయడం అంటే అదే.

సరే, మెషీన్ ఇచ్చారనుకుందాం. దాని మీద ఏం జరగాలో మీకూ తెలిసి ఉండాలి, రిపోర్ట్ చేతికొచ్చినప్పుడు ఏం అడగాలో అప్పుడే తెలుస్తుంది.

రెండు వెర్షన్లూ ఒకే మెషీన్ మీద, ఒకే డిస్క్ మీద ఉండాలి. ఒకటి నడుస్తున్నప్పుడు రెండోది ఆపి ఉంచాలి. లోడ్ పంపే క్లయింట్ వేరే మెషీన్ మీద ఉండాలి, దాని సీపీయూ నిండిపోలేదని చూడాలి. సీపీయూ వేగాన్ని నిర్ణయించే గవర్నర్ ‘పెర్ఫార్మెన్స్’లో ఉండాలి. సొంతంగా బిల్డ్ చేసిన బైనరీ అయితే ‘డీబగ్ అసర్షన్స్’ (కోడ్ లోపలి స్వీయ తనిఖీలు) విలువ అడగండి. అది ఆన్‌లో ఉంటే ఆ రిపోర్ట్‌ను చదవకుండా తిప్పి పంపండి, అసర్షన్లతో కట్టిన బిల్డ్ డెవలపర్ల పరీక్షలకే తప్ప వేగం కొలవడానికి కాదు.

డేటా సైజు మూడు రకాలుగా తీసుకోవాలి: షేర్డ్ బఫర్స్‌లో (డేటాబేస్ సొంత మెమరీలో) పట్టేది, ర్యామ్‌లో మాత్రమే పట్టేది, ర్యామ్‌ను మించినది. పోస్ట్‌గ్రెస్ లోడ్ టెస్ట్ టూల్ పీజీబెంచ్‌లో స్కేల్ (డేటా పరిమాణం) 1000 అంటే అకౌంట్ల టేబుల్‌లో 10 కోట్ల వరసలు, సుమారు 15 జీబీ. స్కేల్ ఎప్పుడూ క్లయింట్ల సంఖ్య కంటే తక్కువ ఉండకూడదు. బ్రాంచుల టేబుల్‌లో స్కేల్ ఎంతో అన్నే వరసలు ఉంటాయి, ప్రతి ట్రాన్సాక్షన్ అందులో ఏదో ఒక దాన్ని అప్‌డేట్ చేస్తుంది. స్కేల్ 10 పెట్టి 64 క్లయింట్లను వదిలితే కొలిచేది లాకుల కోసం క్యూలో నిలబడిన సమయాన్నే.

ఎంతసేపు? చెక్‌పాయింట్ అంటే మెమరీలోని మార్పులను డిస్క్‌కు రాసేయడం, వాల్ అంటే మార్పులను ముందుగా రాసే లాగ్. చెక్‌పాయింట్ టైమవుట్ డిఫాల్ట్ 5 నిమిషాలు, మ్యాక్స్ వాల్ సైజ్ డిఫాల్ట్ 1 జీబీ. చెక్‌పాయింట్ తర్వాత ఏ పేజీని మొదటిసారి మార్చినా ఆ పేజీ మొత్తం వాల్‌లోకి వెళ్తుంది, కాబట్టి రాత భారం చెక్‌పాయింట్ వెంట ఎగసి పడుతూ ఉంటుంది. రెండు నిమిషాల టెస్ట్ ఆ అలలో ఏ చోట పడిందన్నది అదృష్టం. రైట్ లోడ్‌కు 30 నిమిషాలకు తగ్గకుండా నడిపి, మొదటి 5 నిమిషాలు లెక్కలోంచి తీసేయాలి. ప్రతి పరుగుకు ముందు డేటా డైరెక్టరీని సర్వర్ ఆపి తీసిన కాపీ నుంచి మళ్లీ పెట్టాలి, లేకపోతే రెండో పరుగు మొదటిదాని బ్లోట్‌ను మోస్తుంది. ఆ కాపీ తీసే ముందే వాక్యూమ్ అనలైజ్ కూడా అయిపోవాలి. కొత్తగా లోడ్ చేసిన టేబుల్‌ను మొదటిసారి చదివేవాడే హింట్ బిట్లు (ఆ వరస కమిట్ అయిందన్న గుర్తులు) రాసే పని నెత్తినేసుకుంటాడు.

వరస క్రమం కూడా ముఖ్యమే. పాతది ఐదుసార్లు, ఆ తర్వాత కొత్తది ఐదుసార్లు నడిపితే, మధ్యలో ఎస్‌ఎస్‌డీ అలిసిపోయినా క్లౌడ్‌లో పొరుగువాడు రెచ్చిపోయినా ఆ నింద కొత్తదాని మీదే పడుతుంది. పాత, కొత్త, కొత్త, పాత అని మార్చి మార్చి నడపాలి. అన్నిటికంటే ముందు చేయాల్సింది, ఒకే బైనరీని దానితోనే పోల్చడం. దీన్ని అడిగే హెడ్లు తక్కువ, మీరు అడగండి. ఒకే వెర్షన్ ఐదు పరుగుల్లో సెకనుకు 14,210, 14,890, 13,960, 14,640, 14,350 ట్రాన్సాక్షన్లు ఇచ్చిందనుకోండి. మధ్య విలువ 14,350, ఎక్కువకూ తక్కువకూ తేడా 930, అంటే ఆరున్నర శాతం. ఆ మెషీన్ మీద ఇలా నాలుగైదు పరుగులు తీసి "కొత్త వెర్షన్ 3 శాతం స్లో" అని స్లైడ్ వేస్తే దానికి అర్థం లేదు. ముందు గోల (కొలతల్లోని ఊగిసలాట) తగ్గించాలి, లేదా పరుగులు బాగా పెంచాలి.

సగటు ఒక్కటే చూపిస్తే ఒప్పుకోకండి. 95, 99 పర్సెంటైల్ (నూటికి 95, 99 రిక్వెస్టులు ఎంతలోపు ముగిశాయన్నది) కూడా కావాలి. పీజీబెంచ్‌ను రేటు ఆప్షన్‌తో స్థిరమైన వేగంతో నడిపితే, సర్వర్ తడబడిన క్షణాల్లో ఆగిపోయిన రిక్వెస్టులు కూడా లెక్కలోకి వస్తాయి. మామూలు పద్ధతిలో సర్వర్ ఆగితే క్లయింట్ కూడా ఆగుతుంది, ఆ ఆలస్యం నిజంగా ఉన్నదానికంటే లెక్కలో చిన్నదిగా కనిపిస్తుంది.

తేడా నిజమేనని తేలాక క్వెరీ దగ్గరికి దిగాలి. క్వెరీల వారీగా సమయం లెక్కపెట్టే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్‌ను రెండు వైపులా తీసి క్వెరీ పాఠం మీద జత చేయండి. మేజర్ వెర్షన్ మారితే క్వెరీ ఐడీ అదే ఉంటుందన్న హామీ లేదు. టోటల్ టైమ్ కాలమ్ పేరు 13లో టోటల్ ఎగ్జెక్ టైమ్‌గా మారింది కాబట్టి పాత డ్యాష్‌బోర్డ్ ఖాళీగా కనబడితే కంగారుపడొద్దు. ఎక్కువ కాలం పెరిగిన మూడు నాలుగు క్వెరీలకు ఎక్స్‌ప్లెయిన్‌ను అనలైజ్, బఫర్స్, సెట్టింగ్స్ మూడింటితో తీయండి. ప్లాన్ వేరైతే, స్టాటిస్టిక్స్ గానీ ప్లానర్ గానీ కారణం. ప్లాన్ ఒకటే అయి బఫర్ల సంఖ్య వేరైతే, బ్లోట్ లేదా విజిబిలిటీ మ్యాప్ (అందరికీ కనిపించే వరసలే ఉన్న పేజీల జాబితా) నిండకపోవడం. ప్లాన్, బఫర్లు రెండూ ఒకటే అయి సమయం మాత్రం పెరిగితే, మొదట డిస్క్ వెయిట్లు, గడియారం చూడండి. క్లాక్ సోర్స్ టీఎస్‌సీ (సీపీయూలోని వేగవంతమైన గడియారం) కాకుండా వేరేదైతే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ తానే క్వెరీని నెమ్మదింపజేస్తుంది, పీజీ టెస్ట్ టైమింగ్ టూల్ ఆ సంగతి చెప్పేస్తుంది. అవేవీ కాకపోతే అప్పుడు కోడ్‌ను అనుమానించవచ్చు. ఇంకొకటి: యాప్ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ముందే సిద్ధం చేసి, విలువలు మారుస్తూ మళ్లీ మళ్లీ నడిపే క్వెరీలు) వాడుతుంటే చేత్తో నడిపిన ఎక్స్‌ప్లెయిన్ సరిపోదు. మొదటి ఐదు సార్లు కస్టమ్ ప్లాన్ (ఆ విలువలకే వేసింది), ఆపైన ఖర్చు గిట్టుబాటైతే జెనెరిక్ ప్లాన్ (ఏ విలువలకైనా ఒకటే). యాప్‌లో స్లో, మా టెర్మినల్‌లో ఫాస్ట్ అన్న కథకు చాలాసార్లు మూలం ఇదే.

కోడ్‌లోనే తేడా ఉందనిపిస్తే మధ్య మేజర్ వెర్షన్లను ఒక్కోటి పరీక్షించి, పడిపోయింది ఎక్కడో పట్టుకుని, అక్కడ గిట్ బైసెక్ట్ (కోడ్ మార్పులను సగం సగం చేస్తూ కారణమైనదాన్ని వెతికే పద్ధతి) మొదలుపెట్టాలి. 2,000 కమిట్లుంటే (ఒక్కో కోడ్ మార్పు ఒక కమిట్) 11 మెట్లలో తేలుతుంది. స్క్రిప్ట్ ప్రతి మెట్టులోనూ బిల్డ్, ఇనిట్‌డీబీ, లోడ్, కొలత అన్నీ చేయాలి. కేటలాగ్ వెర్షన్ (డేటా డైరెక్టరీ లోపలి అమరికకు ఇచ్చే నంబర్) మారుతూ ఉంటుంది కాబట్టి ఒక కమిట్ డేటా డైరెక్టరీ మరో దానికి పనికిరాకపోవచ్చు. బిల్డ్ కాని కమిట్‌కు 125 ఎగ్జిట్ కోడ్ ఇస్తే బైసెక్ట్ దాన్ని దాటేస్తుంది. మంచికీ చెడుకీ మధ్య గీతను సరిగ్గా నడిమధ్యన పెట్టి, ఒక్కో కొలతలోని గోల ఆ దూరంలో సగం కంటే బాగా తక్కువుండేలా చూడాలి. ఒక్క మెట్టులో తప్పుడు తీర్పు వచ్చినా అది తీసుకెళ్లి సంబంధం లేని కమిట్ ముందు నిలబెడుతుంది. 2, 3 శాతం తేడాల మీద ఈ పని చేయించకండి. ఫంక్షన్లు మెమరీలో కూర్చున్న చోటు మారినా అంత తేడా రావచ్చు.

దొరికిన కమిట్‌కు ముందూ వెనుకా పెర్ఫ్ టూల్‌తో ఫ్లేమ్ గ్రాఫ్ (సీపీయూ సమయం ఏ ఫంక్షన్లలో పోయిందో చూపే బొమ్మ) తీయాలి, ఫ్రేమ్ పాయింటర్లు ఉంచి బిల్డ్ చేస్తే స్టాక్‌లు (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందన్న వరస) తెగకుండా వస్తాయి. ఇలా వచ్చిన రిపోర్ట్‌ను డేటాబేస్ డెవలపర్లకు పంపితే వాళ్లు పట్టించుకుంటారు. "అప్‌గ్రేడ్ చేశాం, స్లో అయింది" అన్న మెయిల్‌తో ఎవరికైనా చేయగలిగింది ఏముంది?

చివరగా, వెనక్కి వెళ్లడం గురించి. అది ఎప్పుడూ చేతిలోనే ఉందన్న ధీమాతో మీరు సాయంత్రంలోగా అంకె అడుగుతున్నారని మా అనుమానం. పీజీ అప్‌గ్రేడ్‌ను లింక్ మోడ్‌లో (ఫైళ్లను కాపీ చేయకుండా పాతవాటినే పంచుకునే పద్ధతిలో) చేసి కొత్త సర్వర్‌ను ఒక్కసారి స్టార్ట్ చేశారంటే, పాత క్లస్టర్‌ను మళ్లీ నడపడం సురక్షితం కాదు. కాపీ మోడ్‌లో పాతది చెక్కుచెదరకుండా ఉంటుంది, కానీ అప్‌గ్రేడ్ తర్వాత రాసిన డేటా అందులో ఉండదు. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి 5.7కు ఉన్నచోటనే దిగడానికి మద్దతు లేదు, అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన బ్యాకప్పే గతి. వెనుదారి నిజంగా కావాలంటే అప్‌గ్రేడ్ రోజే కొత్త పోస్ట్‌గ్రెస్ నుంచి పాత వెర్షన్‌కు లాజికల్ రెప్లికేషన్ (మార్పులను వరసల వారీగా రెండో సర్వర్‌కు పంపడం) పెట్టించండి. స్కీమా (టేబుళ్ల నిర్మాణం) మార్పులు, సీక్వెన్స్ (వరస నంబర్లు ఇచ్చే కౌంటర్) విలువలు అందులో వెళ్లవు కాబట్టి ఆ వారం స్కీమా ముట్టుకోవద్దని ఆదేశించండి, సీక్వెన్స్‌లను వెనక్కి మారే ముందు చేత్తో జరపడానికి స్క్రిప్ట్ సిద్ధంగా ఉంచమనండి. మేం అడిగిన వారం అలాగే దొరుకుతుంది.

ఇట్లు,
మీ రిపోర్టులు చదివే డేటాబేస్ పెర్ఫార్మెన్స్ ఇంజనీర్లు